మూలం ఎవరిది? - హసీదీ కథలు, ఆధునిక రచయితలు

ప్రజల నోట పుట్టిన కథను ఆధునిక రచయిత తిరిగి చెప్పినప్పుడు అందులో అతని సొంతం ఎంత, ఆ ప్రజలది ఎంత అన్న ప్రశ్న వస్తుంది. మన విమర్శకులు చాలామంది దీనికి 'మూలవిధేయత' అనే ఒక్క కొలబద్దతో జవాబు చెబుతారు. ఆ కొలబద్ద చాలదని నా అభిప్రాయం. తూర్పు యూరప్ యూదుల హసీదీ కథలనూ, వాటిని కొత్త పాఠకులకు అందించిన మార్టిన్ బూబర్, ఐ. ఎల్. పెరెట్జ్‌లనూ చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

హసీదీ ఉద్యమం పద్దెనిమిదో శతాబ్దంలో, నేటి ఉక్రెయిన్‌లోని పొడోలియా ప్రాంతంలో మొదలైంది. 1760లో మరణించిన బాల్ షెమ్ తోవ్‌ను దాని మూలపురుషుడంటారు. ఆయన గ్రంథమేదీ రాయలేదు. తర్వాతి గురువులు సబ్బాతు దినాన యిడ్డిష్‌లో ప్రసంగించేవారు. ఆ రోజు రాయడం నిషిద్ధం. కనుక శిష్యులు విన్నది జ్ఞాపకం ఉంచుకొని, తర్వాత హీబ్రూలో రాసేవారు. గురువు మాట్లాడింది సంతలో, వంటింట్లో వాడే భాష. అచ్చయింది పండితుల భాష. బాల్ షెమ్ కథల తొలి సంపుటి వెలువడింది 1814లో, ఆయన పోయిన యాభై నాలుగేళ్లకు. అంటే మనం మూలమని చేతికి తీసుకునేదే ఒక అనుసరణ. ఇక విధేయత దేనికి?

బూబర్ 1878లో వియన్నాలో పుట్టి, లెంబెర్గ్‌లో తాత ఇంట పెరిగాడు. 1906లో రబ్బీ నఖ్మన్ కథలనూ, 1908లో బాల్ షెమ్ గాథలనూ జర్మన్‌లో ప్రచురించాడు. ఆయన పాఠకులు ప్రధానంగా నగరాల్లోని చదువుకున్న మధ్యతరగతి యూదులు. తూర్పు నుంచి వచ్చిన తమవాళ్ల పొడుగు కోటునూ యాసనూ చూసి సిగ్గుపడినవారు వీరిలో చాలామంది ఉన్నారు. ఆ సిగ్గును తగ్గించి, పేదపల్లెల సంస్కృతికి గౌరవం తెచ్చిన పనిని నేను తక్కువ చేయను. తొలి పుస్తకాల్లో మరీ స్వేచ్ఛ తీసుకున్నానని బూబరే తర్వాత భావించి, 1940ల నాటి సంకలనంలో పొట్టి పొట్టి ఉదంతాల రూపానికి మారాడు.

అయినా వివాదం ఆగలేదు. 1961లో గెర్షోమ్ షోలెమ్ తీవ్రమైన విమర్శ చేశాడు. దైనందిన జీవితాన్ని పవిత్రం చేయడమే హసీదీ సందేశమని బూబర్ చెప్పాడు. షోలెమ్ జవాబు వేరు: కథలకు ముందే వచ్చిన సిద్ధాంత గ్రంథాల్లో సాధకుడు తిండిలో, వ్యాపారంలో దాగిన దివ్యకణాలను పైకెత్తి, వాటిని పదార్థం నుంచి విడిపిస్తాడు. అక్కడ లోకం పవిత్రమవడం కన్నా ఖాళీ అవడమే ఎక్కువ. 1963లో బూబర్ బదులిచ్చాడు: సంప్రదాయాన్ని నిలబెట్టే దారులు రెండు. ఒకటి చరిత్ర పరిశోధన. రెండోది దాని ప్రాణశక్తిని నేటివారికి అందించడం. తనది రెండో దారి అన్నాడు.

రెండో దారి ఉండవలసిందే. కాని ఆ దారిలో నడిచేవాడు ఏమేమి వదిలి వచ్చాడో చెప్పాలి. బూబర్ కథల్లో నిత్యాచార నియమాల బరువు తేలికైపోయింది. విన్నపాల చీటీలతో పాటు భక్తులు గురువు ముందు పెట్టిన డబ్బు, ఆ డబ్బుతో నడిచిన వంశపారంపర్య పీఠాలు వెనక్కి పోయాయి. మనిషికీ మనిషికీ మధ్య సమాగమం మిగిలింది, డబ్బుసంచి మాయమైంది. ఆచారం వదిలేసిన నగర పాఠకుడికి ఇది ఎంతో సౌకర్యం. ఆ సౌకర్యానికే 'హసీదీ సందేశం' అని పేరు పెట్టడం నాకున్న అభ్యంతరం.

పెరెట్జ్ 1900 నాటి ఒక కథ చూడండి. 1899లో కార్మికుల రహస్య సమావేశానికి వెళ్లి జైలుపాలైన రచయిత ఆయన. నెమిరోవ్ రబ్బీ ప్రాయశ్చిత్త దినాల్లో తెల్లవారుజామున మాయమవుతుంటాడు; స్వర్గానికి వెళ్తాడని శిష్యుల నమ్మకం. నమ్మని లిథువేనియా యూదుడొకడు ఆయన మంచం కింద దాక్కుంటాడు. రబ్బీ రైతు దుస్తులు వేసుకొని, అడవిలో చెట్టు కొట్టి, జబ్బుపడిన పేదరాలికి కట్టెలు అరువిచ్చి, పొయ్యి రాజేస్తూ ప్రార్థనలు చదువుకుంటాడు. ఆ సంశయవాది శిష్యుడైపోతాడు. స్వర్గం మాట వచ్చినప్పుడు ఇక నవ్వడు; రబ్బీ చేరిన చోటు అంతకన్నా ఎత్తేమో అంటాడు.

ఇక్కడ ప్రార్థన పోలేదు, కట్టెల ధర పోలేదు. అన్నిటికన్నా ముఖ్యం, చూసే కన్ను ఎవరిదో రచయిత దాచలేదు. మంచం కింద ఉన్న సంశయవాది ఆధునిక పాఠకుడే. పెరెట్జ్ స్వతంత్రత అంతా ఆ మంచం కింద ఉంది. ఇదే హసీదీ మతమని ఆయన ప్రకటించలేదు, కథ చెప్పాడు.

మన పక్షానికీ ఒక హెచ్చరిక ఉంది. మార్క్సిస్టు చరిత్రకారుడు రఫాయెల్ మాలర్ ఈ ఉద్యమాన్ని పేదజనుల ఉద్యమంగా చూశాడు. మోషే రోస్మన్ 1996లో ప్రచురించిన పరిశోధనలో పోలిష్ రికార్డులు వేరే సంగతి చెప్పాయి: మెజిబోజ్ పట్టణంలో బాల్ షెమ్ సమాజం వారి ఇంట్లో, పన్ను మినహాయింపుతో, పెద్దల మన్ననతోనే బతికాడు. ఆయనను వ్యవస్థపై తిరుగుబాటుదారుగా మలచడం కూడా అనుసరణే. అది మనకు నచ్చినంత మాత్రాన చరిత్ర అయిపోదు.

నాజీలు 1939-45 మధ్య ఆ పట్టణాలను, ఆ జనాన్ని నాశనం చేశారు. బ్రూక్లిన్‌లో, జెరూసలేంలో హసీదీ సమాజాలు నేటికీ బతికే ఉన్నాయి. కాని బయటి పాఠకులు ఎందరికో ఆ పాత లోకం తెలిసేది అనుసరణల ద్వారానే. అలాంటప్పుడు రచయిత వదిలేసినది ఒక పేరాగా పోదు, ఒక జనం జ్ఞాపకంలోంచి పోతుంది. అందుచేత అనుసరణ చేసే రచయితను నేను రెండు ప్రశ్నలు అడుగుతాను: ఎవరి కోసం మార్చావు? మార్చినట్టు పాఠకుడికి తెలియనిచ్చావా? రెండోదానికి జవాబు లేని చోట స్వతంత్రత అన్న మాట వాడడానికి నాకు మనసొప్పదు.