చివర్న పడే పేర్లు

సినిమా అయిపోయాక పేర్లు పడతాయి కదా, మా విజయనగరంలో వాటిని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. లైట్లు వెలగ్గానే స్కూటర్ల దగ్గరికి పరుగు. నేనూ అంతే. కానీ డాక్యుమెంటరీల విషయంలో ఈ మధ్య ఒక అలవాటైంది. ముందు చివరికి వెళ్లి పేర్లు చదువుతాను. కెమెరా ఎవరు పట్టుకున్నారు? నిర్మాత ఎవరు? మాటలు ఎవరివి, మాట్లాడించింది ఎవరు? తర్వాతే సినిమా.

ఈ అలవాటు 'ద టెరిటరీ' వల్ల అంటుకుంది. అలెక్స్ ప్రిట్జ్ తీసిన ఈ సినిమా 2022లో సన్‌డాన్స్‌కి వెళ్లి రెండు బహుమతులు తెచ్చుకుంది. బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రంలో ఊరు-ఎవు-వావ్-వావ్ అనే ఆదివాసీ జాతి ఉంది (పేరులోనే ఊరు ఉంది, మన ఊరు కాదులెండి). బయటి ప్రపంచంతో వాళ్లకి ప్రభుత్వపరంగా పరిచయమైంది 1980ల మొదట్లో. ఇప్పుడు మిగిలింది రెండు వందల మంది లోపే. వాళ్ల పేరున ఉన్న అడవి మాత్రం 18 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పాత విజయనగరం జిల్లా విస్తీర్ణం 6,539. అలాంటి జిల్లాలు దాదాపు మూడింటికి రెండు వందల మంది కాపలా అన్నమాట. చుట్టూ చెట్లు నరికి, తగలబెట్టి, తాడు పట్టుకుని హద్దులు కొలుచుకునేవాళ్లు.

మొదటి సగం మనకి అలవాటైన సినిమానే. బయటి నుంచి వచ్చిన దర్శకుడు, అందమైన అడవి, పైనుంచి డ్రోన్ షాట్లు. తర్వాత 2020లో కోవిడ్ వచ్చింది. బితాతే అనే కుర్రాడు అప్పటికే తన వాళ్లకి నాయకుడు. జబ్బు లోపలికి రాకుండా హద్దులు మూసేశారు. టీం కూడా బయటే. ఇక్కడ సినిమా ఆగిపోవచ్చు. ఆగలేదు. కెమెరాలు లోపలికి పంపారు, వాళ్లే తీశారు. తంగాయ్ అనే ఆయన పేరు ప్రిట్జ్ పేరు పక్కనే ఛాయాగ్రాహకుడిగా పడుతుంది. నిర్మాణంలోనూ ఆ జాతికి వాటా ఉంది.

ఇది మర్యాద కోసం వేసిన పేరు కాదని తెర మీదే తెలుస్తుంది. ప్రిట్జ్ ఫ్రేముల్లో అడవిది గంభీరమైన అందం. వాళ్లు తీసిన ఫుటేజ్‌లో అడవి అందంగా ఉండాల్సిన పని లేదు. కెమెరా పరుగెడుతుంది, ఊపిరి వినిపిస్తుంది, నరుకుతున్న చప్పుడు ఎటు నుంచి వస్తోందో వెతుకుతుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో అడవి కాపలా తిరిగే అరి అనే యువకుణ్ణి చంపేశారు. ఆ సంగతి తెలిశాక ఆ ఊపిరి చప్పుడు మునుపటిలా వినపడదు.

ఇంకొకటి కూడా నచ్చింది. ఆక్రమించేవాళ్ల దగ్గరా ఈ టీం కూచుంది. జీవితమంతా పరాయి పొలాల్లో పనిచేసి, తనకంటూ ఒక చెక్క కావాలనుకునే సెర్జియో కనిపిస్తాడు. అతని మీద జాలేస్తుంది. మన మైదానం నుంచి ఏజెన్సీకి వెళ్లి స్థిరపడ్డవాళ్లందరూ షావుకార్లేం కాదు కదా, వాళ్లలో ఇలాంటి ముఖాలు నేనూ ఎరుగుదును. జాలి పడుతూనే అతను తప్పు చేస్తున్నాడని ఒప్పుకోవాల్సి రావడం ఈ సినిమా పెట్టే ఇబ్బంది.

సరే, అమెజాన్ దూరం. మన పక్కన సంగతేంటి?

విజయనగరంలో రాయపూర్ వైపు రైలెక్కితే పార్వతీపురం దాటి రాయగడ, ఇంకా పైకెళ్తే మునిగుడ. అక్కణ్ణుంచి కనిపించేవే నియమగిరి కొండలు. బాక్సైట్ కోసం వేదాంత కన్నేసిన కొండలు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు, ఆ జులై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు, పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. ఈ పోరాటం మీద వచ్చిన సినిమాలు కొన్ని చూశాను. వాటి టీంలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కోటీ ఒక్కో సమాధానం చెప్తుంది.

సర్వైవల్ ఇంటర్నేషనల్ వాళ్లది 'మైన్: స్టోరీ ఆఫ్ ఎ సేక్రెడ్ మౌంటెన్', 2009. పది నిమిషాలు. వాయిస్ ఓవర్ జొవానా లుమ్లీ, బ్రిటిష్ నటి. దీన్ని వెక్కిరించడం తేలిక. నేను వెక్కిరించను. అప్పట్లో వేదాంత షేర్లు లండన్‌లో ఉండేవి, ఈ సినిమా మాట్లాడాల్సింది లండన్‌తోనే. 2010లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ తన షేర్లు అమ్మేసుకుంది. ప్రచారం తన పని తను చేసింది. కానీ సినిమాగా చూస్తే, డోంగ్రియా మనిషి నోరు విప్పేలోపే ఆ కమ్మటి గొంతు వచ్చి ఆయన గురించి చెప్పేస్తుంది.

అమరేంద్ర దాస్, సమరేంద్ర దాస్ 2005లో తీసిన 'మాటిరో పోకో, కంపెనీ లోకో'కి ఓపిక కావాలి. పేరుకి అర్థం మట్టి పురుగు, కంపెనీ మనిషి. ఈ సినిమాకి పరిశోధకుడి స్వభావం ఉంది. సమరేంద్ర తర్వాత ఫెలిక్స్ పాడెల్‌తో కలిసి 2010లో అల్యూమినియం వ్యాపారం మీద లావుపాటి పుస్తకమే రాశారు. ఆయనకి కావలసింది కొండ మాత్రమే కాదు, కొండ నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి బ్యాంకుకి వెళ్లే దారి మొత్తం.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం సూర్యశంకర్ దాస్ తీసిన 'లామెంట్ ఆఫ్ నియమరాజా'. డంబు ప్రస్కా అనే డోంగ్రియా గాయకుడు పాడతాడు. ఆ పాటే సినిమా. మనకి ఆ భాష రాదు, ఆయనకి మన తొందర పట్టదు. దర్శకుడు పక్కకి తప్పుకున్నాడు అనుకుంటాం గానీ, ఎక్కడ తప్పుకోవాలో తెలియడానికి ఎన్నాళ్లు ఆ కొండల్లో తిరిగుండాలి!

అయినా ఇందులోనూ కెమెరా సూర్యశంకర్‌దే. ఈ తేడాని నేను ఒక పాత కథతో అర్థం చేసుకుంటాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరలతో కలిసి కూచుని వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, తర్వాత నిఘంటువు తెచ్చారు. అంత పని చేసినవాడు ఇంకొకడు లేడు. అయితే 1936లో మంగేయ్ గొమాంగో అనే సవర ఆయన తన భాషకి తానే ఒక లిపి కట్టాడు, సొరాంగ్ సోంపెంగ్ అని. గిడుగు చేసింది తక్కువని కాదు. రెండూ వేర్వేరు పనులు. ప్రిట్జ్ సినిమాలో కెమెరా చేతులు మారిన చోట జరిగింది ఆ రెండో పని.

మన వైపు ఆ రెండో పని సినిమాలో ఎక్కడుంది? 1967 అక్టోబర్ 31న లేవిడిలో కోరన్న, మంగన్నలను కాల్చి చంపారు. ఆ తర్వాతి పోరాటం మీద తెలుగులో కథలున్నాయి, నవలలున్నాయి, పాటలకి లెక్కే లేదు. దాని సెగ తగిలాకే 1970లో 1/70 చట్టానికి పళ్లొచ్చాయి. ఆ చట్టం ఆధారంగానే 1997లో సమత తీర్పు. ఇంత చరిత్ర ఉన్నచోట జాతాపులో సవరలో తమ కెమెరాతో తమ భూమి గురించి తీసిన పూర్తి నిడివి డాక్యుమెంటరీ నా కంట పడలేదు. ఎవరి కథ ఎవరు రాయాలని సాహిత్యంలో ముప్పై ఏళ్లు కొట్టుకున్నాం. డాక్యుమెంటరీ దగ్గరికి వచ్చేసరికి మంచి ఉద్దేశం ఉంటే చాలనుకుంటున్నాం.

ఈ మాట అనే హక్కు నాకు ఎంతుందో చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక టీంతో పార్వతీపురం పైన ఒక కొండ ఊరికి వెళ్లాను. వాళ్లది బయటి ఊరు, తెలుగు రాదు. నా పని మాటలు అందించడం. పోడు పట్టాల మీద సినిమా. మూడు రోజులు ఉన్నాం, వాళ్లింట్లో అంబలి తాగాం, ముంతలకొద్దీ నీళ్లు తాగాం. మంచివాళ్లే, నిజాయితీగానే తీశారు. సినిమా పూర్తయిందో లేదో కూడా నాకు తెలీదు. ఫుటేజ్ కాపీ ఒకటి నా హార్డ్ డిస్క్‌లో ఉంది, సబ్‌టైటిళ్లు రాయడానికి ఇచ్చారు.

'ద టెరిటరీ' చూసిన రాత్రి ఆ డిస్క్ తీశాను. ఒక ముసలమ్మ తన పోడు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకానో చేత్తో చూపిస్తోంది. దర్శకుడికి కావలసింది అయిపోయింది, కానీ కెమెరా ఇంకా నడుస్తోంది. అప్పుడామె నా వైపు తిరిగి, "ఇయన్నీ ఎక్కడికి అట్టుకెళ్తారు బాబూ? మాకెప్పుడు సూపిస్తారు?" అంది.

ఏమంటోంది అని దర్శకుడి గొంతు వినపడుతుంది. ఏం లేదు, భోజనానికి రమ్మంటోంది అని నా గొంతు.