జల్లెడ పట్టిన మట్టి

పెరుగుతున్న పచ్చిక మీద జల్లించిన మట్టిని పలచగా చల్లి, పోచల మధ్య నుంచి మొదళ్ల దాకా దించడమే పైమట్టి వేయడం. తోటమాలులు టాప్‌డ్రెస్సింగ్ అనే అంటారు. ఇంటి లాన్‌లో గుంటలు పూడాలన్నా, తొక్కుడుకు గట్టిపడిన నేల గుల్లబారాలన్నా, మొదళ్ల దగ్గర పేరుకున్న ఎండు పీచు చివికి నేలలో కలవాలన్నా దీన్ని మించిన పని లేదు. బస్తా ఎరువు గడ్డికి రంగు తెస్తుంది. నేలను బాగుచేసేది మట్టే.

ఈ విద్యకు ఆద్యుడిగా స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ మైదానాన్ని సాకిన ఓల్డ్ టామ్ మోరిస్ పేరు చెబుతారు. తోపుడుబండిలోని ఇసుక పొరపాటున ఒలికిన చోటే గడ్డి ఏపుగా ఎదిగిందనీ, నాటి నుంచి ఆయన ఇసుక చల్లడం మానలేదనీ కథ. మన దేశంలో రాష్ట్రపతి భవన్ మాలుల పనితనం ముందు ఎవరైనా తలవంచాల్సిందే. అక్కడిది కలకత్తా బెల్వెడియర్ నుంచి తెచ్చి నాటిన గరిక. ఏటా వానలకు ముందు పచ్చికంతా తీసేసి కొత్త పైమట్టి పరుస్తారు. మూడు వారాల్లో నేల మళ్లీ పచ్చబడుతుంది. గరిక సత్తువ ఎరిగిన చేతులు తప్ప ఆ సాహసం ఇంకెవరూ చేయలేరు.

తెలుగునాట దీనికి అదను తొలకరి. గడ్డిని పొట్టిగా కోసి, ఎండు పీచును దువ్వి తీసి, తోట ఫోర్కుతో జానెడు ఎడంలో నేలను గుచ్చాలి. మట్టి, ఏటి ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. బంకనేలకు ఇసుక పాలు, ఇసుకనేలకు ఎరువు పాలు పెరుగుతాయి.

అసలు విద్య జల్లెడలో, మణికట్టులో ఉంది. చేయి తిరిగిన మాలి పిడికెడు మట్టిని నొక్కి చూస్తాడు. వేలు తగలగానే పొడిపొడిగా విడిపోతేనే జల్లెడకు ఎత్తుతాడు. తట్ట చంకన పెట్టుకుని, వెనక్కి నడుస్తూ, విత్తు వెదజల్లినట్టే చల్లుతాడు. పొర అర సెంటీమీటరు దాటదు. ఆపైన ఈనెల చీపురుతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి ఊడుస్తాడు. పోచల కొసలు మట్టిపైన తేలి కనిపించాలి, అదే కొలత. 100 చదరపు మీటర్లకు అర ఘనపు మీటరు మట్టి సరిపోతుంది. గుంట లోతుగా ఉంటే ఒకేసారి పూడ్చడు. గడ్డి పైకి వచ్చాకే మరో పొర వేస్తాడు.

ఇదే పేరుతో ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. పునాదుల్లో తవ్విన మన్నును ట్రాక్టర్‌లో తెచ్చి, రాళ్లూ పెళ్లలూ ఏరకుండా రెండంగుళాల మందాన దిమ్మరించి డబ్బు పట్టుకుపోతున్నారు. వెలుతురు అందక కింద గడ్డి పసుపెక్కి కుళ్లుతుంది. మన్నుతో వచ్చిన తుంగగడ్డలు మాత్రం నిక్షేపంగా మొలుస్తాయి. తుంగ పట్టిన లాన్‌ను బాగుచేసుకోవడం ఏళ్ల పని. విసిగిన ఇంటివారు చివరికి ప్లాస్టిక్ గడ్డి పరుస్తున్నారు. మే నెల ఎండకు కాలు మోపనివ్వని ఆ పరుపును పచ్చిక అనడం గరికకు అవమానం.

జల్లెడ పట్టే మాలికి ఒక రోజు కూలి ఎక్కువైనా ఇవ్వాలి. జల్లించని మన్ను తెచ్చిన ట్రాక్టర్‌ను గేటు దగ్గరే తిప్పి పంపాలి.