చిగుళ్ల కొలబద్ద ఎవరిది?

చిగుళ్ల వాపును కొలవాలి, అంకె వెయ్యాలి. దానికి మేం వ్యతిరేకం కాదు. ఏ నోటిని చూసి ఆ కొలబద్ద తయారైంది, ఎవరి నోటి దగ్గరికొచ్చేసరికి తప్పుతోంది అన్నదే మా ప్రశ్న. బెజవాడ చుట్టుపక్కల దంతవైద్యం చదివే పిల్లలూ, డెల్టా మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో పనిచేసే కార్యకర్తలూ కలిసి తేల్చుకోవాల్సిన సంగతిది.

1963లో స్కాండినేవియాలో గర్భిణుల నోళ్లు పరీక్షిస్తూ లోయె, సిల్నెస్ ఒక సూచిక ఇచ్చారు. చిగురు రంగు కొంచెం మారి, కాస్త ఉబ్బితే 1. ఎర్రబడి, సలాకతో తాకితే నెత్తురొస్తే 2. పుండై, దానంతటదే కారితే 3. గులాబీ రంగు చిగురు మీద తొలి ఎరుపు ఇట్టే కనబడుతుంది. మన నల్ల చిగుళ్ల మీద అంత తేలిగ్గా కనబడుతుందా? ఆ నలుపు రోగం కాదు, ఒంటి రంగే. 1964లోనే అమెరికా నల్లజాతి దంతవైద్యుడు క్లిఫ్టన్ డమెట్ చిగుళ్ల నలుపును విడిగా నమోదు చేసే సూచిక ఇచ్చాడు.

పోనీ రంగు వదిలేసి నెత్తురే చూద్దామంటే అక్కడా తిరకాసే. పొగ తాగేవాళ్ల చిగుళ్లలో నెత్తురు కారడం తగ్గుతుంది. లోపల ఎముక కరుగుతున్నా పైకి తెలియదు. చుట్టో బీడీయో కాల్చే కూలీకి వాపు లెక్కలో తక్కువ అంకె పడుతుంది, జబ్బు మాత్రం ముదురుతుంది.

1982లో వచ్చిన సీపీఐటీఎన్ సూచిక నోటిని ఆరు భాగాలు చేస్తుంది. ఒక భాగంలో కనీసం రెండు పళ్లు లేకపోతే దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. వైద్యం అందక, కదిలిన పళ్లు పీకించుకున్న మనిషి నోట్లో బాగా పాడైన చోటే లెక్కకు రాదన్నమాట.

1986లో లోయె బృందం ప్రచురించిన పరిశీలన చూడండి. శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది మగ కూలీలను 1970 నుంచి 1985 దాకా గమనించారు. వాళ్లకు పళ్లు తోమే అలవాటూ లేదు, దంతవైద్యమూ లేదు. అయినా సుమారు 8 శాతం మందిలోనే జబ్బు వేగంగా ముదిరింది. 81 శాతం మందిలో ఓ మోస్తరు. 11 శాతం మందిలో చిగుళ్ల వాపు దాటలేదు. పాచి ఒక్కటే మొత్తం కథ కాదని తేల్చిన విలువైన పని ఇది. కానీ దానికి పెట్టిన పేరు 'సహజ చరిత్ర'. తెల్లదొరలు తమిళదేశం నుంచి తరలించిన కూలి కుటుంబాలు, అందులో ఎందరో దళితులు, తరాల తరబడి వైద్యం లేకుండా ఉండటం ప్రకృతి చేసిన పనా?

మన సర్వేల్లో తరచూ వాడే కుప్పుస్వామి కొలత (1976) చదువు, వృత్తి, ఆదాయం అడుగుతుంది. కులం అడగదు. ఇక చివరికి మిగిలేది 'వీళ్లకు శుభ్రత తెలియదు' అన్న తీర్పే. ఏ నీళ్లతో పుక్కిలించాలి? 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపిన గొడవ, తాగే చెరువు నీళ్లు పాడుచెయ్యొద్దన్న మాట దగ్గరే మొదలైంది.

కులం రాయమంటే నెత్తుట్లో కులం వెతకమని కాదు. నీళ్లు, కూలి, ఆస్పత్రి దూరం కులాన్ని బట్టి ఎట్లా పంచారో తెలుస్తుందని. నాట్ల కాలంలో పగలు పెట్టిన శిబిరానికి కూలి మానుకుని ఎవరొస్తారు? సాయంత్రం వాడకే రావాలి. పోయిన పళ్లెన్ని, ఎందుకు పోయాయి, పొగాకు వాడకమెంత, చిగురు రంగేమిటి అన్నీ రాయాలి. తేలిన ఫలితం తెలుగులో వాడకు చెప్పాలి, వైద్యం అవసరమైనవాళ్లకు అది అందాలి. అప్పుడే మా నోళ్లు తెరవమని అడిగే హక్కు ఉంటుంది.