కైలాసగిరీ, సముద్రాన్ని చూపించే కొండా

ఎత్తు చూసి ఎవరూ నీ దగ్గరికి రారు, కైలాసగిరీ. ఎత్తే కావాలనుకున్నవాళ్లు పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అరకు పోతారు. నీ దగ్గరికొచ్చేవాళ్లకు ఊరు కనబడాలి గానీ ఊరి రొద వినబడకూడదు. సముద్రం నిండుగా కనబడాలి, ఒడ్డున అల ఎక్కడ విరుగుతోందో కూడా తెలియాలి. ఈ రెండూ కుదిరే ఎత్తులో నువ్వు ఆగావు. ఇంకాస్త పెరిగి ఉంటే జోడుగుళ్లపాలెం పడవలు కళ్లకు ఆనేవి కావు. ఇంకాస్త తగ్గి ఉంటే రామకృష్ణా బీచ్ వంపు మేడల వెనక దాక్కునేది. ఆ వంపు ఒక్కటి చాలు నిన్ను పొగడడానికి! తెల్లటి నురుగు అంచు, దాని పక్కనే రోడ్డు, రోడ్డు పక్కనే మనుషుల ఇళ్లు, అన్నీ ఒకే ఒంపు తిరిగి డాల్ఫిన్ నోస్ కొండ దాకా సాగిపోతాయి.

తూర్పు కనుమలు చాలాచోట్ల సముద్రానికి దూరంగానే నిలిచిపోతాయి. ఇక్కడికొచ్చేసరికి ఉండబట్టలేక నీటిదాకా వచ్చేశాయి. ఉత్తరాన సింహాద్రి అప్పన్న కొలువున్న నీ వరస, దక్షిణాన యారాడ వరస, మీ నడుమ విశాఖపట్నం. దారి కోసం నిన్ను తొలిచిన చోట ఆగి నీ రాయిని దగ్గరగా చూశాను. దాన్ని ఖొండలైట్ అంటారు. ఈ కనుమల్లో బతికే ఖోండుల పేరే ఆ రాయికి పెట్టారు. బూడిదరంగు, ఎరుపు కలిసిన చారల మధ్య ఆవగింజలంత ముదురెరుపు గింజలు పొదిగి ఉన్నాయి. గోటితో గీరితే ఒకటి ఊడి అరచేతిలో పడింది. గార్నెట్. భూమి లోతుల్లో, ఊహకందని వేడిలో, బరువులో పుట్టిన గింజ. ఇలాంటివే వానలకు ఊడి, గెడ్డల్లో దొర్లి సముద్రం చేరతాయి. అల వెనక్కి తగ్గినప్పుడు బీచ్‌లో ఇసుక మీద ఎర్రటి చార మెరుస్తుందే, అది నీదీ, నీ తోబుట్టువులదీ. నిన్ను ఎక్కలేనివాళ్ల కాళ్ల దగ్గరికి నువ్వే దిగి వెళుతున్నావన్నమాట.

జీపీఎస్ చేతికి రాకముందు జాలరులు నీలాంటి కొండల్ని గురుతు పెట్టుకునే వేటకెళ్లేవారు. నీటి మీద దారి తెలియాలంటే నేల మీద కదలనిది ఒకటి కనబడాలి. నీ మీద పార్కు లేని రోజుల్లోనూ, రోప్‌వే తీగ లేని రోజుల్లోనూ నువ్వు ఆ పని చేశావు. 1933లో హార్బరు తెరుచుకోవడం చూశావు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేయడం చూశావు.

వ్యూ పాయింటు దగ్గర రెయిలింగు పట్టుకుని ఒక మామ్మ నిలబడి ఉంది. పక్కన పదేళ్ల మనవడు.

“ఓలమ్మా! దీనికి అవతల గట్టు లేదేట్రా?”

“ఉంది మామ్మా. తిన్నగా ఎల్తే బర్మా అంట. మా సారు చెప్పారు.”

“బర్మా అంటే రంగమే కదరా. మా తాత ఎల్లింది అటేనా!”

ఆ తరవాత ఆమె ఓడల్ని చూడలేదు, మనవడు చూపించిన సబ్‌మెరైన్ మ్యూజియాన్నీ చూడలేదు. తూర్పుకే చూస్తూ ఉండిపోయింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎన్నో ఇళ్లకు ఆ దిక్కుతో చుట్టరికం ఉంది. కరువుకు తాళలేక ఓడలెక్కి రంగం పోయినవాళ్లు, అక్కడ మిల్లుల్లో, రేవుల్లో ఒళ్లు వంచినవాళ్లు, యుద్ధమొచ్చి అడవుల వెంట నడిచి తిరిగొచ్చినవాళ్లు. ఈ ఊళ్లో బర్మా క్యాంపు అని ఒక పేటే ఉంది. ఒడ్డున నిలబడితే సముద్రం అలలుగా కనిపిస్తుంది. నీ మీద నిలబడితే దారిగా కనిపిస్తుంది. ఆ మామ్మకు కనిపించింది దారే. ఇంతకంటే గొప్ప దర్శనం ఏ కొండ ఇవ్వగలదు?

తెల్లటి శివపార్వతుల విగ్రహాల ముందు ఫొటోల కోసం జనం వంతులు వేసుకుంటారు. బొమ్మరైలు నీ చుట్టూ తిరిగి వస్తుంది. మురీ మిక్చరు అమ్మేవాడు ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండి, పొట్లం కట్టి ఇస్తే గాలికి ఆ పొట్లాన్ని రెండు చేతులా పట్టుకోవాలి. గాజు నడకదారి కూడా వచ్చింది. కాళ్ల కింద లోయ చూసి కేకలు వేసేవాళ్ల సంబరం నాకూ ఇష్టమే. అయినా నా ఓటు మాత్రం కార్తీక మాసానికి. చెట్ల కింద జంపఖానాలు పరిచి, పులిహోర గిన్నెలు విప్పి, తెలియనివాళ్లను కూడా “రండి, కూర్చోండి” అని పిలిచే ఆ ఆదివారాల్లో నువ్వు అందరికీ పెరడువవుతావు.

నీ చెట్లను తలుచుకుంటే హుద్‌హుద్ తుపాను గుర్తుకొస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలి సముద్రం మీంచి నేరుగా నీ రొమ్ముకు తగిలింది. మరుసటి రోజుల్లో బీచ్ రోడ్డు మీంచి తలెత్తి చూసినవాళ్లు నిన్ను గుర్తుపట్టలేకపోయారు. విరిగినవి విరిగాయి, నిలిచినవాటికి ఆకు లేదు. పచ్చటి కొండ ఒక్క పూటలో గోధుమరంగుకు మారిపోయింది. కరెంటు లేక, నీళ్లు లేక అల్లాడుతున్న ఊరు కూడా నిన్ను చూసి కన్నీళ్లు పెట్టుకుంది. కానీ వేళ్లు నీలోనే ఉన్నాయి. మోళ్ల పక్కనుంచి లేత ఆకు వచ్చింది, మనుషులు మొక్కలు నాటారు, నువ్వు వాటిని నిలబెట్టావు. ఆ తరవాత 2020 అక్టోబరులో వాయుగుండానికి ఒక బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి నీ కిందున్న తెన్నేటి పార్కు రాళ్ల మీద ఒరిగితే, దాన్ని చూడ్డానికి ఊరు ఊరంతా నీ దగ్గరికే పరుగెత్తింది.

ఇప్పుడు నీకు నా మొక్కు. నీ పచ్చదనాన్ని ఎవరికీ ఇవ్వకు. కొత్తగా ఏం కట్టినా చెట్టు నీడ తగ్గనివ్వకు. ఎక్కినవాళ్లు వదిలేసిన ప్లాస్టిక్ సీసాలు నీ గెడ్డల్లో పడి సముద్రానికి పోకుండా ఏరే చేతుల్ని చల్లగా చూడు. మోకాళ్ల నొప్పులతో వచ్చే ముసలివాళ్లకు మెట్టు మెట్టుకూ గాలి వెయ్యి. డిసెంబరు వస్తోంది. పార్వతీపురం నుంచి, పాలకొండ నుంచి, నర్సీపట్నం నుంచి బడిపిల్లల బస్సులు బయలుదేరతాయి. వాళ్లలో సముద్రం ఎప్పుడూ చూడనివాళ్లు ఉంటారు. మాస్టార్లు వరసలో నిలబడమంటారు, వాళ్లు నిలబడరు. ఆ చివరి మలుపు దగ్గర పొగమంచు ఉంటే కాస్త పక్కకు జరిపి, వాళ్లను పరుగెత్తనివ్వు.