యజమాని ఊళ్ళో లేని తొట్టి

క్వారంటైన్ తొట్టిలో చూసి మురిసిపోయేంత ఏమీ ఉండదు. రంగురాళ్ళుండవు, మొక్కలుండవు, మునిగిపోయిన బొమ్మ కోట ఉండదు. అడుగున ఒట్టి అద్దం, ఒక మూల నల్లటి స్పాంజి, రెండు పీవీసీ ఎల్బోలు, వాటి చాటున బెదురుగా తిరిగే నాలుగైదు కొత్త చేపలు. కర్నూలులో ఒక బడి మాస్టారి ఇంట్లో ఇలాంటిది చూశాను. ముందుగదిలో ఆయనకు మొక్కలతో కళకళలాడే పెద్ద అక్వేరియం ఉంది, వచ్చినవాళ్ళంతా దాని దగ్గరే ఆగిపోతారు. వెనకగదిలోని బోసి తొట్టిలోనే అసలు పనితనం ఉందని నాకనిపించింది. మే నెలలో పదిరోజులు కుటుంబంతో ఊరెళ్ళడానికి ఆయన ఆ తొట్టిని తయారుచేస్తున్నారు.

కొత్త చేపను తేగానే పాతవాటిలో కలపకూడదని చేపలు పెంచే ప్రతివాడికీ తెలుసు. పాటించేవాళ్ళే తక్కువ. చెన్నై కొళత్తూరు మార్కెట్ నుంచి రంగు చేపలు ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రాత్రంతా ప్రయాణం చేసి ఇటు వస్తుంటాయి. ఆ అలసటలో ఒంట్లో దాగిన జబ్బు బయటపడుతుంది. అన్నిట్లోకీ మామూలుగా కనిపించేది తెల్లమచ్చ, పెంపకందార్ల మాటలో ‘ఇక్’. మనం చూసే మచ్చ, చేప చర్మం కింద తింటూ బలిసే పరాన్నజీవి. బలిశాక అది రాలి అడుగుకు చేరుతుంది. చుట్టూ గూడు కట్టుకుని, లోపల చీలిపోతూ వందల పిల్లలవుతుంది. గూడు పగిలి ఈదుతూ బయటికొచ్చిన పిల్లకు రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చావే. మందు పనిచేసేది ఈ ఈదే దశ మీదే. చర్మం కింద ఉన్నదాన్నీ గూట్లో ఉన్నదాన్నీ అది తాకలేదు. మన నీళ్ళ వెచ్చదనంలో ఈ చక్రం వారం లోపే ఒకసారి తిరుగుతుంది కాబట్టి, కొత్త చేపల్ని విడిగా ఉంచే నాలుగు వారాల కాపలా అంటే చక్రం కొన్నిసార్లు తిరిగినా మచ్చ రాలేదని రూఢి చేసుకోవడం. తొట్టి అడుగు బోసిగా ఎందుకుందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. గూళ్ళు ఇరుక్కునేందుకు ఇసుక లేదు. సన్నటి పైపుతో అడుగునీళ్ళు లాగేస్తే సగం శత్రువులు బకెట్‌లోకి వచ్చేస్తారు.

పెద్ద ఎత్తున ఇదే పని చెన్నై దగ్గర నీలాంకరైలో 2009 నుంచి జరుగుతోంది. విదేశాల నుంచి దిగే వనామీ తల్లి రొయ్యల కోసం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా తరఫున రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం అక్కడ క్వారంటైన్ నడుపుతోంది. అక్కడ పరీక్ష దాటిన తల్లుల పిల్లలు మన కోస్తా చెరువుల్లో పెరిగాయి. అక్కడ షిఫ్టుల వారీగా మనుషులుంటారు. మాస్టారింట్లో ఉండబోయేది తాళం.

తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. పది అంగుళాల దాకా నింపితే సుమారు 47 లీటర్లు. అద్దంతో కలిపి యాభై కిలోలు దాటే ఈ బరువును ఇటుకల మీద పరిచిన నాపరాయి మోస్తోంది. బేతంచెర్ల బండ ఈ ప్రాంతంలో ఎవరికైనా అందే వస్తువే. బండ ఎంత నునుపుగా కనిపించినా ఎక్కడో ఒక చిన్న గరుకు ఉంటుంది. బరువంతా ఆ బిందువు మీద పడితే అద్దం పగులుతుంది. అందుకని మధ్యలో అరంగుళం థర్మోకోల్ షీటు వేశారు. గరుకు షీటులోకి దిగిపోతుంది, అద్దం కింద బరువు సమంగా పరుచుకుంటుంది. గది కింది అంతస్తులో, ఉత్తరం వైపు. ఎండ నేరుగా కాగే మిద్దె కింది గదైతే ఎన్ని ఏర్పాట్లు చేసినా లాభం లేదంటారాయన. ఈ తొట్టి వల, బకెట్టు, పైపు అన్నీ వేరు. వాటికి ఎర్ర టేపు చుట్టి ఉంది.

నీళ్ళ సంగతి చెప్పకుండా రాయలసీమలో చేపల మాట సాగదు. కర్నూలు, కడప నేలల కింద సున్నపురాయి ఉంది. బెలుం గుహల్ని తొలిచింది ఈ రాతిని కరిగించుకుంటూ పారిన నీళ్ళే. బోరు నీళ్ళలో ఆ సున్నం ఉంటుంది, పీహెచ్ 8 దగ్గర నిలుస్తుంది. గప్పీలు, మాలీలు అలాంటి నీళ్ళలో హాయిగా ఉంటాయి. పైగా ఆ సున్నం పీహెచ్‌ను ఉన్నట్టుండి పడిపోనివ్వదు. మనిషి లేని ఇంట్లో అది పెద్ద అండ. కానీ దీనికో రెండో ముఖముంది. చేప విసర్జించే అమ్మోనియాలో విషరూపం వంతు పీహెచ్‌తో పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 దగ్గర అది నూటికి ఒక పాలు కన్నా తక్కువ, 8 దగ్గర ఏడెనిమిది పాళ్ళు. అదే ఎంగిలి తిండి, అదే కుళ్ళు, విషం మాత్రం దాదాపు పదింతలు. మాస్టారి ఏర్పాట్లలో తిండి మీద అంత కట్టడి ఎందుకో ఈ లెక్కే చెబుతుంది.

అమ్మోనియాను ఆపేది మూలనున్న స్పాంజి. నడుమ బోలుగా ఉండే గొట్టం, చుట్టూ స్పాంజి, గొట్టం అడుగుకు గాలి తెచ్చే సన్నటి ట్యూబు, అంతే దాని నిర్మాణం. గాలి బుడగలు గొట్టంలో పైకెగసేసరికి లోపలి నీటిస్తంభం తేలికవుతుంది. బయటి బరువైన నీళ్ళు ఆ ఖాళీ వైపు తోసుకొస్తాయి, వచ్చే దారి స్పాంజి గుండానే. మోటారు నీళ్ళను తాకదు, తిరిగే రెక్క లేదు, చిక్కుకుని ఆగిపోయే భాగం లేదు. స్పాంజి లోపలి గోడల మీద రెండు తెగల బాక్టీరియా కాపురముంటుంది. ఒకటి అమ్మోనియాను నైట్రైట్‌గా, రెండోది నైట్రైట్‌ను అంత ప్రమాదంలేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ కాపురం నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. కొత్త చేపలు వచ్చిన రోజున కొత్త స్పాంజి పెడితే ఏం లాభం? అందుకే ఒక స్పాంజి ఏడాది పొడుగునా ముందుగది అక్వేరియంలో వెనకవైపు మునిగి ఉంటుంది. కబురు రాగానే తీసి ఇక్కడ పెడతారు. ఒకసారి ఇటు వచ్చిన స్పాంజి తిరిగి అటు వెళ్ళదు.

గాలి పంపును నీటిమట్టానికి పైన, గోడకు మేకు కొట్టి తగిలించారు. కరెంటు పోయినప్పుడు ట్యూబులో నీళ్ళు వెనక్కి ఎక్కి పంపులోకి కారకుండా అదొక కాపు. ట్యూబు మధ్యలో ఒకవైపే గాలిని వదిలే చిన్న వాల్వు రెండో కాపు. ప్లగ్గుకు వెళ్ళే వైరు బోర్డు కన్నా కిందికి వంపుగా దిగి మళ్ళీ పైకెక్కుతుంది. వైరు వెంట జారిన చుక్క ఆ వంపులోంచి నేలరాలుతుంది గానీ ప్లగ్గులోకి పోదు. పంపును ఇన్వర్టర్ లైనుకు కలిపారు. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా దిగిపోతే? స్పాంజి తెరిచి ఉన్న నీళ్ళలో ఉంది కాబట్టి, మూతపెట్టిన డబ్బా ఫిల్టర్‌లోలా లోపలి బాక్టీరియా గంటల్లో ఊపిరాడక కుళ్ళిపోదు. ఏది చెడిపోతుందో ఎవరూ చెప్పలేరు. చెడిపోయినప్పుడు అది ఎటువైపు ఒరగాలో మాత్రం ముందే తేల్చిపెట్టవచ్చు. ఆ గదిలో ప్రతి వస్తువూ ఈ ఆలోచనతోనే అమరి ఉంది.

అసలు పరీక్ష మే నెల. బయట 40 దాటడం ఇక్కడ కొత్త కాదు, మూసిన ఇల్లు ఆ వేడిని రాత్రికీ వదలదు. నీళ్ళు వేడెక్కిన కొద్దీ వాటిలో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైచిలుకు, 35 దగ్గర 7 కన్నా తక్కువ. అదే సమయంలో చేపకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. చల్లబరిచే యంత్రం కొనాలంటే తొట్టి ఖరీదుకు ఎన్నో రెట్లు. మాస్టారు మన పొడిగాలినే పనిలో పెట్టుకున్నారు. ఒక లీటరు నీళ్ళు ఆవిరైపోతూ సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని వెంట తీసుకెళ్తాయి. ఈ తొట్టిలో ఒక డిగ్రీ దించడానికి 200 కిలోజౌళ్ళు పోతే చాలు. అంటే బయటి వేడి లోపలికి రాకపోతే ఒక్క లీటరు ఆవిరి పన్నెండు డిగ్రీలు దించగలదు. బయటి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి మిగిలేది మూడు నాలుగు డిగ్రీలే, చేపకు అదే ప్రాణం. కుండనీళ్ళు చల్లగా ఉండే కిటుకే ఇది. కోస్తా ఉక్కలో ఇది ఇంత బాగా పనిచేయదు. కంప్యూటర్‌లోంచి తీసిన 12 వోల్టుల చిన్న ఫ్యాను నీటి మీదికి ఏటవాలుగా ఊదుతుంది. టైమర్ దాన్ని పొద్దున పదకొండుకు తిప్పి రాత్రి ఎనిమిదికి ఆపుతుంది. మూత స్థానంలో దోమతెర, గదికి ఒక వెంటిలేటర్ తెరిచే ఉంటుంది. ఆవిరి బయటికి పోకపోతే గాలి తడిసి చల్లబరచడం మానేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు పుడుతుంది. ఆవిరైపోయేది నీరు మాత్రమే. కొత్త చేపల కోసం వేసిన రాళ్ళ ఉప్పు, బోరు సున్నం తొట్టిలోనే మిగిలి చిక్కబడతాయి. పైగా మట్టం పడిపోతే బుడగలు నీటిని సరిగా ఎత్తవు. అద్దానికి కాగితపు టేపు అంటించి గీతలు పెట్టి చూస్తే, ఫ్యాను తిరిగే రోజు దాదాపు సెంటీమీటరు తగ్గుతోంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, అంటే రోజుకు 1.8 లీటర్లు, పదిరోజులకు 18. ఆర్వో నీళ్ళ క్యాను 20 లీటర్లు. లెక్క ఇంత చక్కగా కుదరడం చూసి మాస్టారు చిన్నపిల్లాడిలా నవ్వారు.

క్యాను మూతికి బిగించిన బాల్ వాల్వు, దాని కింద జానెడు అంగుళం పైపు. వాల్వు మూసి క్యానును తలకిందులు చేసి ఇనుప ఫ్రేములో కూర్చోబెడతారు. ఫ్రేము కాళ్ళు నేల మీద ఉన్నాయి, అద్దం మీద చిటికెడు బరువు పడదు. పైపు కొస సరిగ్గా నీటిమట్టాన్ని తాకుతుంది. వాల్వు తెరిచినా నీళ్ళు దూకవు, ఎందుకంటే క్యానులోకి గాలి పోయే దారిని తొట్టి నీళ్ళే మూసేశాయి. మట్టం కాస్త దిగగానే కొస తేలి, గుడగుడమంటూ ఒక బుడగ లోపలికి పోతుంది, అంత నీరు కిందికొస్తుంది, మట్టం పెరిగి కొస మళ్ళీ మూసుకుంటుంది. కోళ్ళఫారాల్లో నీళ్ళ డబ్బా నడిచేదీ ఇలాగే. కరెంటు అక్కర్లేదు. పైపు కొసను ఏటవాలుగా కోయడం కూడా ఊరికే కాదు. చదునుగా కోస్తే నీటి పొర కొసకు అంటుకుని బుడగను రానివ్వదు, ఏటవాలు అంచు దాన్ని చీలుస్తుంది.

ఇందులో ఇంకా సూక్ష్మముంది. క్యాను ఖాళీ అయ్యే కొద్దీ లోపల గాలి పెరుగుతుంది, మధ్యాహ్నం వేడికి ఆ గాలి వ్యాకోచించి నీళ్ళను నెడుతుంది. దాదాపు ఖాళీ క్యానులో పది డిగ్రీల తేడాకు అర లీటరు పైన కిందికి రావచ్చు, అంటే తొట్టి మట్టం నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైన రెండంగుళాల ఖాళీ ఉంది కాబట్టి పొర్లదు. క్యాను ఎక్కడైనా చిట్లితే మాత్రం కథ వేరు, గాలి దూరి నీళ్ళన్నీ ఒకేసారి దిగుతాయి. అందుకే వారం ముందు నుంచే అదే క్యానును అదే ఫ్రేములో పెట్టి చూశారు. అప్పటికీ చిట్లితే కొంత నీరు పొర్లి నాపరాళ్ళ నేల మీదుగా వాలువైపు గుమ్మం దాటిపోతుంది, ఉప్పు పలచబడుతుంది, చేపలు బతుకుతాయి.

తిండి దగ్గర యంత్రాన్ని ఆయన నమ్మలేదు. ఆటోమేటిక్ ఫీడర్ ఇరుక్కుంటే పర్లేదు, ఎదిగిన చేప వారం తినకపోయినా తట్టుకుంటుంది. తెరుచుకుని ఆగకపోతేనే చావు, ఆ పీహెచ్‌లో. అందుకని మాత్రల డబ్బాలో ఐదు గళ్ళకు ఐదు చిటికెలు, రోజు విడిచి రోజుకు ఒకటి. మిగతా తిండి డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశారు. పక్కింటి పెద్దమ్మకు గళ్ళు చూపిస్తుంటే ఆవిడ, “ఇంత పొడి యాడ సరిపోతాది సారూ, పాపం నోరు లేనివి గదా!” అంది. “తినక చావవు పెద్దమ్మా, మిగిలింది కుళ్ళితేనే చస్తాయి” అన్నారాయన. మన ఇళ్ళలో ఎదుటి ప్రాణి ఆకలిని తట్టుకోవడం ఎవరివల్లా కాదు. బీరువా తాళం ఆ దయ నుంచి చేపల్ని కాపాడ్డానికే. పెద్దమ్మకు అప్పగించిన మిగతా పని కొంచెమే, బుడగలు వస్తున్నాయో లేదో చూసి రాకపోతే ఫోన్ చేయడం. చేప చచ్చి తేలితే ఎర్ర టేపు వలతో తీయాలి, మందు మాత్రం పోయకూడదు. మందు సీసాలు కూడా బీరువాలోనే ఉన్నాయి. మోతాదు తప్పితే నీళ్ళు మార్చగలిగే మనిషి ఇంట్లో లేనప్పుడు మందు వాడకపోవడమే మేలు.

ఇవన్నీ కుదిరాయంటే టికెట్ బుక్ చేసిన రోజే ఆయన క్యాలెండర్‌ను వెనక్కి లెక్కపెట్టడం వల్ల. చేపలు ప్రయాణానికి రెండు వారాల ముందే ఇంటికి వచ్చాయి. మచ్చలు బయటపడే తొలిరోజులు, మందు వేయాల్సి వస్తే ఆ రోజులు, నీళ్ళు మార్చే పని, అన్నీ ఆయన కళ్ళముందే గడిచాయి. వదిలి వెళ్ళేది ఉత్త కాపలా దశను. వెళ్ళే ముందురోజు మూడోవంతు నీళ్ళు మార్చారు, ఆ పూటంతా తిండి పెట్టలేదు. బయల్దేరే పొద్దున గీత దగ్గర మట్టం సరిచూసి వాల్వు తెరిచారు.

తిరిగొచ్చాక చేయాల్సిన పనుల చీటీ కూడా అప్పుడే రాసి గోడకు అంటించి ఉంది. ముందు అమ్మోనియా పరీక్ష, ఆ తర్వాతే తిండి. తాను చూడని ఆ పదిరోజుల్ని ఆయన కాపలా లెక్కలో వేసుకోరు, వచ్చాక ఇంకో రెండు వారాలు పూర్తయితేనే చేపలు ముందుగదిలోకి. చివరి పంక్తి వల గురించి: కడిగి, మిద్దె మీద ఎండలో రెండు రోజులు ఆరేయాలి. ఇక్ గూడు తడి ఆరితే బతకదు, కర్నూలు ఎండకు ఖర్చు లేదు.