మెటల్ గేర్ క్రీడాశ్రేణి: అభిమాని స్మృతియు పాఠనిర్ణయమును

ఒక కావ్యమునకు పెక్కు తాళపత్రప్రతులు లభించినప్పుడు పరిష్కర్త వానిని సరిపోల్చును, పాఠాంతరములను గుర్తించును, ఒక్కొక్క లేఖకుని అలవాట్లను గమనించును, తుదకు కవిహృదయమునకు సన్నిహితమైన పాఠమును నిర్ణయించును. ఈ పద్ధతి మనకు చిరపరిచితము. కాని చదువరి చేష్టనుబట్టి పాఠమే మారెడి కృతి యొకటి యున్నచో దానికి ప్రతి యేది? లేఖకు డెవ్వడు? వీడియో క్రీడలను గూర్చి విచారింపదలచిన సాహిత్యవిమర్శకుడు మొట్టమొదట ఎదుర్కొనవలసిన ప్రశ్న యిదియే. జపానునందు 1987లో పుట్టి నేటికిని నిలిచియున్న మెటల్ గేర్ శ్రేణిని ఆధారముగా గొని ఈ ప్రశ్నను చర్చించుట ప్రస్తుత వ్యాసోద్దేశము. ఆ శ్రేణితో నాకు పాతికేండ్ల పరిచయము కలదు. ఆ పరిచయమును ఇందు అలంకారముగా గాక సాక్ష్యముగా వాడుకొనుచున్నాను. అట్లు వాడుకొనుట యుక్తమేనా యనునదియు ఈ చర్చలో భాగమే.

వీడియో క్రీడలలో గూఢసంచార క్రీడ యొక ప్రత్యేక జాతి. శత్రువును ఎదిరించి గెలుచుట ఇందు ప్రధానము కాదు. వాని కంటబడకుండ స్థావరమును జొచ్చి కార్యము సాధించుట ప్రధానము. కావలివాని చూపు ఏ వైపునకు తిరుగునో, అడుగుల చప్పుడు ఎంత దూరము వినబడునో, ఎచ్చట దాగవచ్చునో ఆటగాడు కనిపెట్టుచుండవలెను. ఈ వస్తువు మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. సుందరకాండమున హనుమంతుడు ప్రొద్దుగ్రుంకువరకు వేచి, దేహమును కుదించుకొని లంకను ప్రవేశించును. శింశుపావృక్షమున దాగి, సీతతో ఏ భాషలో పలుకవలెనో వితర్కించుకొనును. మృచ్ఛకటికమున శర్విలకుడు గోడకు కన్నము వేయుటకు ముందు దాని యాకృతిని గూర్చి శాస్త్రచర్చ చేయును. దండి కథలను తెనిగించిన కేతన దశకుమారచరిత్రమున అపహారవర్మ చౌర్యము చదువరికి వేడుక గొల్పును. ఈ మూడింటను మనము ఊపిరి బిగబట్టి చూచువారము మాత్రమే. హనుమంతుని అడుగు తడబడినచో ఆ దోషము మనది కాదు. గూఢసంచార క్రీడయందు తడబడునది మన అడుగే. భేదమంతయు ఇక్కడనే యున్నది.

మెటల్ గేర్ కర్త హిదెయో కొజిమా. కోనామి సంస్థలో పనిచేయుచు ఆయన 1987లో ఎమ్మెస్సెక్స్-2 అను గృహ కంప్యూటరునకై ఈ ఆటను రూపొందించెను. కావలసినది యుద్ధపు ఆట. ఆ యంత్రమో, తెరమీద పెక్కుమంది సైనికులను, తూటాలను ఒక్కమారు కదల్పజాలనిది. అందుచే ఆయన పోరాటమునకు బదులు దాగుటనే ఆటగా మార్చెను. ‘ది గ్రేట్ ఎస్కేప్’ అను 1963 నాటి చలనచిత్రము ఇందుకు ప్రేరణ యయ్యెను. సామగ్రి కొరత శిల్పమునకు కారణమైన ఉదాహరణములలో ఇది గణింపదగినది. ఆ తొలి యాటయందే మరియొక విశేషము కలదు. రేడియోలో ఆజ్ఞలిచ్చు సేనాని బిగ్ బాస్ తుదకు శత్రునాయకుడని తేలును. ఆ రహస్యము బయటపడుటకు ముందు అతడు కంప్యూటరును ఆపివేయుమని ఆజ్ఞాపించును. ఈ ఆజ్ఞ కథానాయకుడైన స్నేక్‌నకు కాదు. తెర ముందు కూర్చున్నవానికి. పాత్రను దాటి ఆటగానినే సంబోధించు ఈ లక్షణము తరువాతి ఆటలకు ప్రాణమైనది.

1998లో ప్లేస్టేషన్ యంత్రమునకు వెలువడిన ‘మెటల్ గేర్ సాలిడ్’ వలన ఈ శ్రేణి లోకప్రసిద్ధ మయ్యెను. నారాయణగూడలో ఇంటర్మీడియెట్ చదువు రోజులలో, 2000లో, నాకు దానితో పరిచయము కలిగెను. యంత్రమును కొనుశక్తి లేని విద్యార్థులకు గంటకింత యని అద్దె పుచ్చుకొని ఆడనిచ్చు అంగళ్ళు అప్పట్లో హిమాయత్‌నగరునందును, చిక్కడపల్లి వైపునను ఉండెడివి. ఈ పరిస్థితి ఆట యొక్క పాఠమునే మార్చినది. కథలో బేకర్ అను ఆయుధసంస్థ అధ్యక్షుడు, మెరిల్ అను యువతి యొక్క రేడియో సంఖ్య సీడీ పెట్టె వెనుక నున్నదని చెప్పును. ఆ సందర్భముననే నాయకునకు ఒక డిస్కు కూడ లభించును గనుక ఆటగాడు సహజముగా ఆ డిస్కునే పరీక్షించి చూచును. కాని కర్త ఉద్దేశించినది కథలోని డిస్కు కాదు, ఆటను అమ్మిన పెట్టె. దాని వెనుక ముద్రించిన చిత్రములలో ఒకదానియందు 140.15 అను సంఖ్య కలదు.

అంగడిలో మాకు దొరకినది పెట్టె లేని డిస్కు. అనగా మా ప్రతిలో ఒక పత్రము లుప్తము. ఆ లుప్తభాగమును మేము రెండు విధముల పూరించుకొంటిమి. కొందరు రేడియోను ఒక్కొక్క సంఖ్యగా త్రిప్పి కనుగొనిరి. తక్కినవారికి అది నోటిమాటగా అందెను. ఆ సంఖ్యను అంగడి గోడపై ఎవరో పెన్సిలుతో వ్రాసియుండగా నేను చూచితిని. టోక్యోలో పెట్టెను త్రిప్పి చూచినవాడు కర్త చమత్కారమును అనుభవించెను. హిమాయత్‌నగరునందు మేము అనుభవించినది సంప్రదాయమును. ముందు ఆడినవాడు వెనుకవానికి చేసిన ఉపదేశమును. రెండును ఆ యాటయే. అయినను రెండును ఒకటి కావు.

ఇట్టిదే మరియొక ఘట్టము. సైకో మాంటిస్ అను ప్రతినాయకుడు ఆటగాని మెమరీ కార్డును చదివి, అతడు లోగడ ఆడిన కోనామి ఆటలను పేర్కొని, పరుల మనస్సు తనకు తేటతెల్లమని ప్రకటించుకొనును. తన సొంత కార్డుతో ఆడువానికి ఇది గగుర్పాటు కలిగించును. అంగడిలోని కార్డు పదిమందిది. నేనెన్నడును ముట్టని ఆటలను నాకు అంటగట్టి అతడు బెదరింపగా చుట్టునున్న మిత్రులు పగలబడి నవ్విరి. భయానకమునకై కల్పింపబడిన ఘట్టము మాకు హాస్యముగా పరిణమించెను. ఈ రసభేదమునకు కారణము కర్తయందు లేదు, ఆటగానియందును లేదు; ప్రతియందున్నది. సహృదయుని వాసనలను గూర్చి మన ఆలంకారికులు విపులముగా చర్చించిరి. ఆ వాసనలకు తోడు యంత్రము ఎవరిది, కార్డు ఎవరిది యను ప్రశ్నయు ఇచ్చట విమర్శకుడు వేయవలసియున్నది.

2001లో వెలువడిన రెండవ ‘సాలిడ్’ ఆటయందు కథారంభమున నాయకుడుగా నున్న స్నేక్ కొంతసేపటికి తప్పుకొనగా, రైడెన్ అను యువకుడు నాయకుడగును. అభిమానులలో చాలమంది దీనిని సహింపలేకపోయిరి. రైడెన్ ప్రవేశించిన కొలదికాలమునకే యంత్రము ఆటగాని పేరు అడిగి వ్రాయించుకొనును. తుదిఘట్టమున రైడెన్ తన మెడలోని బిళ్ళను చూచుకొనగా దానిపై నున్నది ఆటగాడు వ్రాసిన పేరే. అతడు దానిని విసరివేయును. స్నేక్‌ను గాక తన్ను ఎందుకు రైడెన్‌ను చేసితివని అడిగెడి అభిమానికి కర్త చెప్పిన సమాధాన మిదియే యని నా తలంపు: నీవు ఎన్నడును స్నేక్‌వు కావు, ఇక నీ దారి నీవు చూచుకొనుము. ఈ ఘట్టమునకు జీవమైన పదము, అనగా బిళ్ళమీది పేరు, కర్త వ్రాసినది కాదు. ఒక్కొక్క ప్రతియందు అది వేరు. మాలో వినోదమునకై సినిమా నటుల పేర్లు వ్రాసినవారు తుదిఘట్టమున ఏమియు పోగొట్టుకొనలేదు. సొంత పేరు వ్రాసికొన్నవాడు మాత్రము ఉలిక్కిపడెను.

పాఠభేద మనునది ఈ శ్రేణియందు ఎంత లోతునకు పోగలదో తెలుపు కృతి 2004 నాటి ‘స్నేక్ ఈటర్’. కథాకాలము 1964. అందొకచోట నాయకుడు ప్రేతములు నడచివచ్చు నదిలో ఎదురేగవలసియుండును. కథావశమున మరణించు వీరులతోపాటు, అంతవరకు ఆటగాడు చంపిన కావలివారందరును అతనికెదురుగా వత్తురు. వారు చచ్చిన తీరు వారి దేహములయందు కానవచ్చును. ఎవ్వరిని చంపక దాగి వచ్చినవానికి ఆ నది దాదాపు శూన్యము. నేను 2005లో ఆడినప్పుడు నది నిండియుండెను. 2012లో ఆడినప్పుడు రిక్తముగా నుండెను. వీనిలో ఏది మూలపాఠము? రెండును కర్త సంకల్పించినవే. కాని నిండిన నదిని చూడనివానికి రిక్తమైన నది వట్టి నీరు మాత్రమే. మొదటి పాఠము జ్ఞప్తియందుండగా రెండవదానిని ఆడువానికే అచ్చట శాంతము స్ఫురించును. కావున ఈ కృతి యొక్క ప్రధానానుభవము ఏ యొక్క ఆటయందును లేదు. రెండాటల నడుమ గడచిన ఏడేండ్లలో నున్నది. దానిని భద్రపరచినది యంత్రము కాదు, అభిమాని స్మృతి. అభిమాని స్వీయచరిత్రను పాఠసాక్ష్యముగా గ్రహింపవలెనని నేను వాదించుటకు ముఖ్యాధార మిదియే.

ఇచ్చట ఆలంకారికుల పక్షమున ఒక ఆక్షేపణ రావచ్చును. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణము లేనిదే రసానుభవము లేదు. ప్రేక్షకుడు తన సుఖదుఃఖములకు వశుడగుటను అభినవగుప్తుడు రసవిఘ్నములలో లెక్కించెను. ‘నా పేరు’, ‘నేను చంపినవారు’ అని స్మరించు అభిమాని రసమునకు దూరుడే కదా? దీనికి సమాధానము ఆ యాట చివరనే యున్నది. నాయకునకు గురువును మాతృసమానురాలును అయిన ‘ది బాస్’ ఓడి తెల్లని పూల నడుమ పడియుండును. ఆమెను చంపవలెనని ఆజ్ఞ. ఆటగాడు మీట నొక్కినగాని కథ కదలదు. నొక్కుటకు ముందు గడచు ఆ కొన్ని క్షణములలో ‘ఇది నేను చేయుచున్నాను’ అను స్పృహ తప్పించుకొనరానిది. అయినను మీట నొక్కిన వెంటనే ఆ దుఃఖము నా యొక్కనిది గాక, ఆజ్ఞకు లోబడిన ప్రతి సైనికునిది యగును. సాధారణీకరణము లోపించలేదు, స్వగతమైన కర్తృత్వము గుండా ప్రయాణించి ఆలస్యముగా సిద్ధించినది. నాటకమున స్వభావమును మరచుట మొదటి మెట్టు; ఇచ్చట దానిని ఒప్పుకొనుట మొదటి మెట్టు. ప్రాచీనుల సిద్ధాంతమునకు ఇది భంగము కాదు, విస్తరణము.

అభిమానమున్నంత మాత్రమున దోషములను కప్పిపుచ్చరాదు. నాయకుడు అకాలవార్ధక్యము పొందిన 2008 నాటి నాలుగవ ఆటయందు ఆటగాని చేతికి పనియే లేని దృశ్యములు మితిమీరినవి. ముగింపు దృశ్యములే గంటకు మించును. కర్తృత్వమును ఆటగానికి ఒసగుటచే గొప్పదైన శ్రేణి ఇచ్చట దానిని తిరిగి లాగుకొనినది. 2015 నాటి ‘ది ఫాంటమ్ పెయిన్’ యందు క్వైట్ అను స్త్రీపాత్ర వేషమునకు కథలో చెప్పిన కారణము సాకు మాత్రమే. ఆ యాట అసంపూర్ణము కూడ. విడిచిపెట్టబడిన యొక అధ్యాయము, పూర్తిగాని రూపమున, ప్రత్యేక ముద్రణతో జతపరచిన వీడియోలో మాత్రమే కనబడును. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమునకు ఎఱ్ఱన లభించెను, దీనికట్టివాడు లభింపలేదు. కొజిమా 2015లోనే సంస్థను వీడెను.

స్మృతి నమ్మదగిన సాక్షి కాదను ఆక్షేపణ మిగిలియున్నది. అభిమాని తన నేర్పును పెంచి చెప్పును. చూచినదానిని విన్నదానితో కలుపును. నిజమే. కాని లేఖకులును అట్టివారే. వారి ప్రక్షిప్తములకు భయపడి మనము ప్రతులను పారవేయలేదు. వీడియో క్రీడాస్మృతులకును మూడు నియమములు చాలునని తోచుచున్నది. ఆడిన యంత్రము, సంవత్సరము, స్థలము మొదట నిర్ణయింపవలెను. అభిమాని చెప్పినది ఆటయందు సాధ్యమేనా యని తిరిగి ఆడి సరిచూడవలెను. సాధ్యమైన పెక్కు పాఠములలో అతడు దానినే ఏల జ్ఞప్తియందుంచుకొనెనో విచారింపవలెను. ఈ మూడవ నియమమే విమర్శకు ద్వారము.

2025 ఆగస్టు 28న ‘స్నేక్ ఈటర్’ ఆట ‘డెల్టా’ అను పేర క్రొత్త చిత్రములతో పునర్నిర్మితమై వెలువడెను. ఇందు కొజిమా ప్రమేయము లేదు. పాత్రల కంఠస్వరములు మాత్రము 2004 నాటివే. సంస్థ తన మూలమునకు పరిష్కృత ముద్రణము తెచ్చుకొనినది. ఆటగాండ్ర పాఠములకు అట్టి పరిష్కర్త లేడు. నేను ఆడిన అంగడి నేడు లేదు. అచ్చటి మెమరీ కార్డు ఏమయ్యెనో తెలియదు. ఆంగ్లమున నడచిన ఆ కథలకు ఆ బల్లల చుట్టు తెలుగున వ్యాఖ్యానము జరిగెడిది: బాస్ ద్రోహియా కాదా, రైడెన్ ఏల, మెరిల్ సంఖ్య ఎట్లు దొరకెను అని. ఆ వ్యాఖ్యానమంతయు మౌఖికము. ఆనాటి విద్యార్థులు నేడు నలుబదులలో నున్నారు. వారిని అడుగుటకు ఇది సమయము. జానపదగేయములను సేకరించుటకు ఊరూర తిరిగిన సంప్రదాయము మన తెలుగు శాఖలకు కలదు. అశోక్‌నగరు మొదలు నారాయణగూడ వరకు గల వీథులలో ఒక పరిశోధకవిద్యార్థి ఆ పని ప్రారంభించినచో, తెలుగువారి పఠనచరిత్రలో ఇంతవరకు వ్రాయబడని ప్రకరణ మొకటి మనకు దక్కగలదు.