న్యూట్రినోయు, టెలిపతియు

ఆర్థర్ కోస్లర్ 1972లో ప్రకటించిన ‘ది రూట్స్ ఆఫ్ కోఇన్సిడెన్స్’ చదువుటకు ఇంపైన గ్రంథము. అందలి వాదము మాత్రము నిలువదు. ఎలక్ట్రాను తరంగముగను, కణముగను కనబడుచున్నది. న్యూట్రినో భూగోళమును అవలీలగా దాటిపోవుచున్నది. అట్టి లోకములో టెలిపతి, అనగా ఇంద్రియముల సహాయము లేకయే ఒకరి తలపు వేరొకరికి తెలియుట, అంత వింత కాదని ఆయన వాదము. ఈ పోలిక నిరూపణము కాదని ఆయనే ఒప్పుకొనెను. ఆ నిజాయితీ మెచ్చదగినది.

కాని న్యూట్రినో వింతకొరకు పుట్టినది కాదు. బీటా విఘటనములో వెలువడు ఎలక్ట్రానుల శక్తిని కొలిచినప్పుడు, లెక్క ప్రకారము ఉండవలసిన శక్తిలో కొంత కనబడలేదు. ఆ లోటును తీర్చుటకు పౌలి 1930లో ఒక కణమును ఊహించెను. దానికి విద్యుదావేశము లేదనియు, ద్రవ్యరాశి ప్రోటానులో నూరవ వంతును మించదనియు అప్పుడే చెప్పెను. 1956లో రైనెస్, కోవన్ అనువారు అమెరికాలో ఒక రియాక్టరు చెంత దాని జాడను పట్టిరి.

టెలిపతికై డాబ్స్ ఊహించిన ‘సైట్రాను’ను కోస్లర్ ఆదరముతో పేర్కొనెను. దాని ద్రవ్యరాశి కల్పిత సంఖ్యయట! (కల్పితమనగా ఇచట గణితార్థమే.) అయితే ఏ కొలతలోని లోటును తీర్చుటకు ఈ కణము కావలసి వచ్చినది? టెలిపతి కలదని ముందే నమ్మినవారికి తప్ప దానితో పని లేదు.